పంచాంగంలోని వేళలను మీ ఊరికి సరిచూసుకోవడం ఎలా

పంచాంగంలో కనిపించే వేళలు రెండు రకాలు. తిథి, నక్షత్రం, వర్జ్యం చంద్రుని గమనాన్ని బట్టి ఏర్పడతాయి కాబట్టి అవి లోకమంతటికీ ఒకే క్షణంలో మారతాయి. వారం, రాహుకాలం, దుర్ముహూర్తం మాత్రం మీరున్న ఊరి సూర్యోదయాన్ని అనుసరిస్తాయి.

పంచాంగానికి రోజు అర్ధరాత్రి మారదు, సూర్యోదయంతో మారుతుంది. కాబట్టి సోమవారం వరుసలో ‘తె. 4.10 వరకు’ అని ఉంటే, దానిని మన గడియారం ప్రకారం మంగళవారం తెల్లవారుజాముగా అర్థం చేసుకోవాలి. కొత్తగా పంచాంగం చూసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

రాహుకాలం కోసం ముందుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు గల పగటిని ఎనిమిది సమభాగాలు చేయాలి. వాటిలో సోమవారం రెండవది, శనివారం మూడవది, శుక్రవారం నాలుగవది, బుధవారం అయిదవది, గురువారం ఆరవది, మంగళవారం ఏడవది, ఆదివారం ఎనిమిదవది రాహుకాలం. గోడ క్యాలెండర్లలో ఆదివారానికి అచ్చువేసే 4.30 నుంచి 6.00 అనే లెక్క, ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే రోజుకే సరిపోతుంది. ఉదయం 5.42కు సూర్యుడు ఉదయించి సాయంత్రం 6.54కు అస్తమించే వేసవి ఆదివారాన్ని తీసుకుంటే, పగలు 792 నిమిషాలు, ఒక్కొక్క భాగం 99 నిమిషాలు, రాహుకాలం సాయంత్రం 5.15 నుంచి 6.54 వరకు. అంటే క్యాలెండర్‌ను నమ్మినవారు 4.30 నుంచి ముప్పావుగంట సేపు అకారణంగా ఆగి, ఆరు దాటగానే సరిగ్గా రాహుకాలంలోనే బయలుదేరుతారు!

దుర్ముహూర్తానికి ఇదే పగటిని పదిహేను భాగాలు చేస్తారు. ఆదివారం పద్నాలుగవ భాగం, బుధవారం ఎనిమిదవ భాగం దుర్ముహూర్తాలు. మామూలుగా శుభవేళగా ఎంచే అభిజిత్తు కూడా ఆ ఎనిమిదవ భాగమే కనుక, బుధవారం మాత్రం నడిమధ్యాహ్నాన్ని ముహూర్తానికి ఎంచుకోరు.

వర్జ్యం లెక్క వేరు. నక్షత్రం ఉండే మొత్తం కాలాన్ని అరవై భాగాలు చేసి, ఆ నక్షత్రానికి చెప్పిన చోటి నుంచి నాలుగు భాగాలను విడిచిపెడతారు. నక్షత్రం 25 గంటలు ఉంటే వర్జ్యం 100 నిమిషాలు ఉంటుంది. అశ్వినికి యాభై భాగాలు గడిచాక అది మొదలవుతుంది.

విదేశాల్లో ఉన్నవారు తిథి, నక్షత్ర, వర్జ్యాలను తమ గడియారానికి మార్చుకుంటే చాలు, రాహుకాలాన్ని మాత్రం అక్కడి సూర్యోదయంతో మళ్లీ లెక్కించాలి. ఒక తిథి భారతదేశంలో మధ్యాహ్నం 2.14కు ముగిస్తే, వేసవిలో డల్లాస్‌లో అది అదే తేదీ తెల్లవారుజాము 3.44. అక్కడ తెల్లవారేసరికే మరుసటి తిథి వచ్చి ఉంటుంది కనుక, సూర్యోదయ తిథిని బట్టి చేసే పండుగ ఇక్కడికంటే ఒకరోజు ముందే రావచ్చు. అయితే అన్ని పండుగలకూ సూర్యోదయ తిథే ప్రమాణం కాదు: వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం (సూర్యాస్తమయం తరువాతి వేళ), మహాశివరాత్రికి అర్ధరాత్రి వేళ ఏ తిథి ఉన్నదో చూడాలి.