సైటేషన్ల లెక్క - 3వ పాఠం: హెచ్-ఇండెక్స్ చేత్తో వేద్దాం

పోయిన పాఠంలో చూసిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రిక సంగతి: ముందటి రెండేళ్లలో వేసిన వ్యాసాలకు ఈ ఏడాది పడ్డ సైటేషన్లను (అంటే వేరే వ్యాసాలు వాటిని పేర్కొన్న సార్లను) ఆ వ్యాసాల సంఖ్యతో భాగించడం. ఈసారి మనిషి లెక్క. గుంటూరులో పీహెచ్‌డీ గైడ్ కోసం తిరిగేవాళ్లు "మేడమ్‌ హెచ్-ఇండెక్స్ ఎంత?" అంటుంటారే, అదే. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చెప్పిన పద్ధతి ఇది.

కాగితం తీయండి. చదువు నేర్చుకోవడం మీద పనిచేసే ఒకావిడకి ఆరు వ్యాసాలు ఉన్నాయనుకోండి, సైటేషన్లు పెద్దదాన్నించి వరసగా 40, 12, 6, 5, 3, 1. పక్కన వరస నంబర్లు వెయ్యండి. సైటేషన్లు వరస నంబరుకి తగ్గకుండా ఉన్న చివరి నంబరే హెచ్-ఇండెక్స్. నాలుగోదానికి 5 ఉన్నాయి, సరిపోయింది. ఐదోదానికి 3 మాత్రమే, చాలలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఆ 40 కాస్తా 4000 అయినా ఇది 4 దగ్గరే ఉంటుంది, అదీ దీని తిక్క.

ఇక అసలు పని. చదవడం మీద పరిశోధనలో 1986లో రీడింగ్ రీసెర్చ్ క్వార్టర్లీ అనే పత్రికలో కీత్ స్టానోవిచ్ రాసిన వ్యాసం తెలియనివాళ్లు తక్కువ. బాగా చదవగలిగే పిల్లలు ఎక్కువ చదివి ఇంకా ముందుకెళ్తారు, వెనకబడ్డవాళ్లు ఇంకా వెనకబడతారు అంటాడాయన. ఈ ఆలోచనకి 'మాథ్యూ ఎఫెక్ట్' అన్న పేరు మాత్రం సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దగ్గర తీసుకున్నాడు. మెర్టన్ 1968లో రాసింది శాస్త్రవేత్తల గురించి, పేరున్నవాడికే ఇంకా పేరొస్తుందని. అంటే సైటేషన్ల జబ్బూ, బడిపిల్లల కష్టమూ ఒకే సూత్రం! (నాకైతే ఇది భలే నచ్చుతుంది.)

గూగుల్ స్కాలర్‌లో ఆ వ్యాసం కింద 'సైటెడ్ బై' నొక్కండి. పైన, దాన్ని సైట్ చేసినవాటిలోనే వెతికే గడి ఉంటుంది, టిక్ పెట్టి ఇంగ్లీషులో 'తెలుగు' అని కొట్టండి. జాబితా ఎంత కుంచించుకుపోతుందో చూడండి. ఇంగ్లీషు చదివే పిల్లల మీద చేసిన పనికి ఎన్ని సైటేషన్లున్నా, గుణింతాలు, ఒత్తులు నేర్చుకునే మన పిల్లలకి అది ఎంతవరకు వర్తిస్తుందో ఆ అంకె చెప్పదు. మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) లెక్కపెడితే ఘాటు తెలుస్తుందా?

హోంవర్క్: దొరికినవాటిలో మూడు తెరిచి, స్టానోవిచ్ పేరు ఎక్కడ వచ్చిందో చూడండి. మొదటి పేరాలో పది పేర్ల మధ్య ఇరికించారా, లేక ఆయన మాటని పరీక్షించి ఫలితాల్లో వాదించారా? రెండు గడులు గీసి రాసుకోండి. సొంత సైటేషన్లు (తన వ్యాసాన్ని తానే పేర్కొన్నవి) తీసేసి హెచ్-ఇండెక్స్ మళ్లీ వెయ్యడం నాలుగో పాఠంలో.