విదేశీ నిర్బంధంలో బంధువు మరణిస్తే అంతర్జాతీయ ఫిర్యాదుకు సిద్ధం కావడం ఎలా

పరదేశపు జైలులోనో పోలీసు కస్టడీలోనో మీ బంధువు చనిపోయినట్టు కబురు అందితే, అంతర్జాతీయ సంస్థల కంటే ముందు మృతదేహం గురించి ఆలోచించాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం అక్కడి అధికారులు మరణవార్తను మృతుడి దేశపు కాన్సులేట్‌కు జాప్యం లేకుండా తెలపాలి కాబట్టి, ఆ సమాచారం ఏ తేదీన అందిందో కాన్సులేట్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

దేహాన్ని విమానంలో పంపే ముందు సాధారణంగా ఎంబామింగ్ చేస్తారు, అంటే కుళ్లకుండా రసాయనాలు ఎక్కిస్తారు. ఆ రసాయనాలు ఎక్కాక విషపరీక్షల ఫలితాలను నమ్మడం కష్టం. అందుకే అంతకుముందే స్వతంత్ర పోస్టుమార్టం జరపాలని, రక్త, మూత్ర నమూనాలు భద్రపరచాలని, మీ ప్రతినిధిని అనుమతించాలని అర్జీ పెట్టండి. అనుమానాస్పద మరణాల దర్యాప్తుపై ఐక్యరాజ్యసమితి 2016లో సవరించిన మార్గదర్శకం, మిన్నెసోటా ప్రోటోకాల్, మీ కోరికకు ఆధారమవుతుంది. మరణ ధ్రువపత్రంలో ‘గుండె ఆగిపోవడం’ అని రాస్తే ఊరుకోవద్దు. ఎవరు ఎలా పోయినా చివరికి గుండె ఆగుతుంది, ఎందుకు ఆగిందన్నదే తేలాలి. దేహం అందగానే మణికట్లు, అరికాళ్లు, వీపు పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయించండి. దుస్తులను ఉతకకుండా కాగితపు సంచిలో దాచండి, ప్లాస్టిక్‌లో తేమ పట్టి మరకలు పాడవుతాయి.

ఆ తరువాత ఆ దేశంలోనే దర్యాప్తు కోరుతూ ఫిర్యాదు చేయాలి. అక్కడి న్యాయమార్గాలన్నీ ముగిశాయనో, అవి అకారణంగా సాగదీతకు గురయ్యాయనో చూపనిదే అంతర్జాతీయ వేదికలు సాధారణంగా కేసు స్వీకరించవు. ప్రతి అర్జీకీ రసీదు ఉంచుకోండి. జవాబు రాకపోయినా ఆ రసీదే మీ సాక్ష్యం.

వేదిక ఏదన్నది మరణం సంభవించిన దేశం ఏ ఒప్పందాలను అంగీకరించిందన్న దానిపై ఆధారపడుతుంది, మృతుడి పౌరసత్వంపై కాదు. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికైతే ఆ దేశపు తుది తీర్పు తరువాత 4 నెలలు, అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కైతే 6 నెలల గడువు ఉంటుంది. జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లాలంటే ఆ దేశం పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి అనుబంధమైన మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరి ఉండాలి. అక్కడ రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు.

ఫిర్యాదులో ఆవేశం కంటే తేదీలు బాగా పనిచేస్తాయి. అరెస్టు నాటి ఆరోగ్య స్థితిని, దేహంపై కనబడిన గాయాలను పక్కపక్కన పెట్టండి. నిర్బంధంలోకి క్షేమంగా వెళ్లిన మనిషి చనిపోతే, ఆ గాయాలకు సంజాయిషీ చెప్పుకోవలసింది ప్రభుత్వమేనని సల్మాన్ కేసులో టర్కీపై 2000లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఒకే కేసును రెండు వేదికల ముందు ఏకకాలంలో నడపనివ్వరు కనుక ముందే ఎంచుకోండి. చట్టవిరుద్ధ హత్యలపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధికి రాసే లేఖకు మాత్రం ఈ అడ్డంకి లేదు, స్థానిక న్యాయమార్గాలు ముగిసేదాకా ఆగవలసిన పని కూడా లేదు. అందువల్ల దాన్ని మొదటి వారంలోనే పంపవచ్చు.