కోర్లు ఎనిమిది, స్పీడు మాత్రం ఒక్కదానిదే: హాస్కెల్‌లో ప్రైమ్ నంబర్లు

సమస్య: హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 10 లక్షల లోపు ప్రైమ్ నంబర్లు వెతుకుతున్నాను. పనిని ప్రాసెసర్ కోర్లకి పంచే పార్‌మ్యాప్ ఫంక్షన్ పెట్టినా ఒక్క కోరే పనిచేస్తోంది.
ముందు కంపైల్ ఆప్షన్లు చూడండి. 'థ్రెడెడ్' (-threaded) లేకుండా కంపైల్ చేసినా, రన్ చేసేటప్పుడు ఎన్ని కోర్లు వాడాలో చెప్పే 'ఎన్' (-N) ఆప్షన్ ఇవ్వకపోయినా ఒక్క కోరే వాడుకుంటుంది. రెండూ ఇస్తే సరి.

సమస్య: రెండూ ఇచ్చాను, అయినా తేడా లేదు.
ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. హాస్కెల్‌కి బద్ధకం ఎక్కువ కదా (అవసరం పడేదాకా లెక్క చేయదు), ఒక్కో చంక్ (నంబర్ల ముక్క) నుంచి ప్రైమ్‌ల లిస్ట్ వెనక్కి పంపుతూ, జవాబుని పై పొర వరకే లెక్కించే 'ఆర్‌సెక్' (rseq) వాడితే, ఆ కోరు మొదటి ప్రైమ్ దొరకగానే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది, మిగతా లెక్కంతా ప్రింట్ చేసేటప్పుడు మెయిన్ థ్రెడ్ నెత్తిన పడుతుంది. జవాబంతా పూర్తిగా లెక్కించే 'ఆర్‌డీప్‌సెక్' (rdeepseq) వాడండి. ఎన్ని ప్రైమ్‌లు ఉన్నాయో తెలిస్తే చాలు అనుకుంటే ఇంకా తేలిక: చంక్ నుంచి లిస్ట్ బదులు ఒక్క అంకె పంపండి, అప్పుడు ఆర్‌సెక్ సరిపోతుంది.

సమస్య: ప్యారలల్ చేశాక ఇంకా నెమ్మదించింది!
10 లక్షల నంబర్లకి 10 లక్షల స్పార్క్‌లు (ఖాళీగా ఉన్న కోరు అందుకోగల చిన్న పనులు) పుట్టించి ఉంటారు. అవి వేచి ఉండే స్పార్క్ పూల్‌లో మామూలుగా పట్టేవి 4,096. ఆర్‌టీఎస్ (ప్రోగ్రామ్‌ని నడిపించే రన్‌టైమ్ సిస్టమ్) 'ఎస్' (-s) ఆప్షన్‌తో రన్ చేస్తే వచ్చే స్పార్క్స్ లైన్‌లో 'ఓవర్‌ఫ్లోడ్' (పూల్‌లో పట్టనివి) పక్కన పెద్ద అంకె కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. సరి సంఖ్య ప్రైమ్ కాదని తేల్చడానికి ఒక్క భాగహారం చాలు, దానికోసం ఒక స్పార్క్ దండగ. 10,000 నంబర్లకో చంక్ చేయండి.

సమస్య: చివర్లో ఒక్క కోరే తిరుగుతోంది.
వర్గమూలం వరకు ఉన్న ప్రైమ్‌లతో మాత్రమే భాగిస్తే, 10,000 దగ్గరి ప్రైమ్‌ని తేల్చడానికి 25 భాగహారాలైతే, 10 లక్షల దగ్గర 168. ఎనిమిది కోర్లకి ఎనిమిది సమాన ముక్కలు ఇస్తే చివరి ముక్క బరువవుతుంది. పైన చెప్పినట్టు 10,000కో చంక్ చేసి 100 చంక్‌లుంటే ఖాళీ అయిన కోరు ఇంకోటి అందుకుంటుంది.

సమస్య: ఇవన్నీ చేసినా నత్తనడకే.
ఫిల్టర్ మీద ఫిల్టర్ పేర్చే ఆ రెండు లైన్ల 'జల్లెడ' వాడుతున్నారేమో. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది ఎరటోస్తనీస్ జల్లెడ (ప్రైమ్‌ల గుణిజాలు కొట్టేస్తూ పోయే పద్ధతి) కాదు: ప్రతి ప్రైమ్‌నీ తనకంటే చిన్న ప్రైమ్‌లన్నిటితో భాగిస్తుంది. పైగా ఒక ఫిల్టర్ ఇంకోదాని మీద ఆధారపడుతుంది కాబట్టి కోర్లకి పంచడం కష్టం. 1,000 లోపు ప్రైమ్‌లు ముందే కనుక్కుని, ప్రతి చంక్‌కీ విడిగా అన్‌బాక్స్‌డ్ అర్రేలో (విలువలు నేరుగా ఉండే అర్రే) వాటి గుణిజాలు కొట్టేయండి. లోపల మార్పులు జరిగినా 'రన్‌ఎస్‌టీ' (runST) ఫంక్షన్ దాటి బయటికి రావు.

సమస్య: జవాబు నమ్మొచ్చా?
10 లక్షల లోపు 78,498 రావాలి. ఒకటి ఎక్కువొస్తే 1ని కూడా లెక్కేశారేమో చూడండి. చంక్ సైజు 10,000 అయితే, సరిహద్దు నంబరు రెండు చంక్‌లలో పడినా అది ప్రైమ్ కాదు కాబట్టి తప్పు దొరకదు. ఒకసారి 9,973 సైజుతో రన్ చేయండి, అది ప్రైమే కాబట్టి రెండుసార్లు పడితే 78,499, జారిపోతే 78,497 వస్తుంది.