ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు రాయడం నేర్చుకుందాం – 3: చదువు ఢిల్లీదా, మన రాష్ట్రానిదా?

పోయిన పాఠంలో ప్రశ్న ఎలా అడగాలో చూశాం. ఈసారి చిరునామా సంగతి. నేను మొదట బోల్తా పడింది ఇక్కడే. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో చెప్పమని, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి ఏకంగా ఢిల్లీకి పంపాను. అడిగేదేదో పెద్దవాళ్లనే అడుగుదామని! రెండు లైన్ల జవాబొచ్చింది: ఇది రాష్ట్ర ప్రభుత్వ విషయం, అక్కడ అడగండి.

ఢిల్లీలో విద్యాశాఖ ఎందుకుందో తెలిస్తే ఈ తప్పు జరగదు. 1910 దాకా చదువు హోం శాఖలో ఓ మూలన ఉండేది. ఆ ఏడాది విడి శాఖ చేశారు. 1923లో ఆరోగ్యం, భూములతో కలిపేసి, 1945లో మళ్లీ విడదీశారు. స్వతంత్రం వచ్చాక మౌలానా ఆజాద్ తొలి విద్యామంత్రి. కానీ రాజ్యాంగం చదువును రాష్ట్రాల జాబితాలో పెట్టింది. సెంట్రల్ యూనివర్సిటీలు, ఉన్నత విద్య ప్రమాణాల వంటివే కేంద్రానికి. 42వ సవరణతో 1977 జనవరి నుంచి చదువు ఉమ్మడి జాబితాలోకొచ్చింది. ఇప్పుడు చట్టాలు ఇద్దరూ చేయొచ్చు. అయినా మన ఊరి బడికి టీచర్ని వేసేదీ, బదిలీ చేసేదీ రాష్ట్రమే.

1985లో ఈ శాఖ పేరు మానవ వనరుల అభివృద్ధిగా మారింది. మంత్రి మన పీవీ నరసింహారావు. ముఖ్యమంత్రిగా 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టించిన ఆయన హయాంలోనే కేంద్రం నడిపే నవోదయ బడులు మొదలయ్యాయి. అందుకే నవోదయ గురించైతే దరఖాస్తు కేంద్రం వైపే వెళ్లాలి. 2020లో మళ్లీ విద్యాశాఖ అన్నారు. పాత కాగితాల్లో ఎంహెచ్‌ఆర్‌డీ అని కనిపిస్తే కంగారు పడకండి, అది ఈ శాఖ పాత పేరుకు ఇంగ్లిష్ పొట్టి రూపమే.

ఆ శాఖలో రెండు విభాగాలు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సీబీఎస్‌ఈ పాఠశాల విద్య వైపు. యూజీసీ (యూనివర్సిటీలను చూసే కమిషన్), ఐఐటీలు ఉన్నత విద్య వైపు. వీటిలో ఒకదానికి బదులు ఇంకోదానికి రాసినా మునిగిపోయేదేం లేదు. ఆర్టీఐ చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే అటు పంపాలి. అసలు చిక్కు చదువులా కనిపిస్తూ వేరే శాఖలో ఉండే వాటితోనే: సైనిక్ స్కూళ్లు రక్షణ శాఖవి, ఏకలవ్య గురుకులాలు గిరిజన వ్యవహారాల శాఖవి. గేటు మీది పెద్ద పేరు వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి.

అభ్యాసం. వీటికి దరఖాస్తు కేంద్రానికా, రాష్ట్రానికా?

వరంగల్ ఎన్‌ఐటీ హాస్టల్ మెస్ టెండరు.
బాసర ట్రిపుల్ ఐటీలో ఖాళీ సీట్లు.
మీ మండలంలో ఎంఈవో (మండల విద్యాధికారి) చేసిన తనిఖీలు.

జవాబులు వచ్చే పాఠంలో. రెండోదానికి ఐఐటీ, ఎన్‌ఐటీల వరసేనని వెంటనే రాసేయకండి, అది ఏ చట్టం కింద పుట్టిందో ఒకసారి చూడండి.