నోటి దుర్వాసన, మూడో పాఠం: పళ్ల సందులు (ముందు కాస్త నాలుక బాకీ)

ఈ పాఠమంతా పళ్ల సందుల గురించే అనుకున్నాం. కానీ రెండో పాఠం చదివి నాలుక శుభ్రం చేయడం మొదలుపెట్టినవాళ్లలో సగం మంది మంట అంటున్నారు, కొందరు రక్తం కనిపించిందంటున్నారు. కాబట్టి ముందు ఆ సంగతి.

నాలుక వెనక భాగం మీద ఉండేది మెత్తటి పూత. రాలిన కణాలు, తిండి తునకలు, బ్యాక్టీరియా కలిసి ఏర్పడిన పొర. గాలి తగలని లోపలి పొరల్లో ఉండే బ్యాక్టీరియా ప్రోటీన్లను విరగ్గొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ లాంటి గంధకం వాయువులు వదులుతాయి. మనల్ని ఇబ్బంది పెట్టే వాసన చాలావరకు వాటిదే. ఆ పొరను మీగడ తీసినంత నెమ్మదిగా తీయాలి. మీరేమో అంట్లు తోమినట్టున్నారు! నాలుక తడిగా ఉన్నప్పుడు బద్దను వెనక ఆనించి ముందుకు లాగండి, మూడు నాలుగు సార్లు, అంతే. ఆరోగ్యంగా ఉన్న నాలుక మీద కూడా పలచటి తెలుపు ఉంటుంది, దాన్ని వదిలేయండి. మండుతున్నవాళ్లు తగ్గేదాకా ఆపండి.

వాంతి వచ్చినట్టుంటే నాలుక బయటికి చాచి, ఊపిరి వదులుతూ లాగండి. మొదటి రోజే గొంతుదాకా వెళ్లక్కర్లేదు. నాకైతే ప్లాస్టిక్ బద్దలు నచ్చవు, వంచిన స్టీలు బద్ద ఒకటి చాలు.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. "అరచేతిలోకి ఊది చూసుకున్నాను, వాసన లేదు." ఈ పరీక్ష ఎవరు కనిపెట్టారో గానీ, దీని మీద ఆధారపడకండి. మన వాసన మన ముక్కుకు ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. ఊదిన గాలి అరచేతికి చేరేలోపు పలచబడిపోతుంది. చేతికున్న సబ్బు వాసన దానికి తోడు. ఇలా ఊదుకుని ధైర్యంగా తిరిగేవాళ్లు ఒక రకం. ఊదుకుని, లేని వాసన ఉందనుకుని మాట్లాడటమే మానేసేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్ల టెన్షన్ పెద్దది, వాళ్లకే సరైన పరీక్ష ఎక్కువ అవసరం.

మణికట్టు నాకి, కాసేపు ఆరనిచ్చి వాసన చూసే పద్ధతి దీనికంటే నయం. అందులోనూ ఒక మెలిక ఉంది: చాలామంది నాలుక కొనతో నాకుతారు. నోట్లో శుభ్రంగా ఉండే చోట్లలో అదొకటి! దానికంటే చెంచాతో నాలుక వెనక మెల్లగా ఒకసారి తీసి, కొన్ని క్షణాలాగి వాసన చూడండి. అన్నిటికంటే మంచిది, మొహమాటం లేని మనిషిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టి, వాసన వస్తోందా అని ఆ మనిషినే అడగడం. దంతవైద్యులు కూడా ఇలా ముక్కుతోనే చూసి, సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది.

పరీక్షకు వేళ కూడా ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి లేవగానే దాదాపు అందరి నోరూ వాసనే. పళ్లు తోమగానే చూస్తే టూత్‌పేస్ట్ వాసన. తిని, తోమి రెండు గంటలు దాటాక చూడండి. వెల్లుల్లి తిన్న రోజు అసలు వద్దు. అందులోని వాసన పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి వస్తుంది, నోరెంత కడిగినా ఆగదు.

ఇప్పుడు సందులు. బ్రష్ పట్టుకోవడం మీకు తెలుసు, చెప్పను. పంటికీ పంటికీ మధ్య బ్రష్ కుచ్చు దూరదు, అక్కడ ఫ్లాస్ దారమే దిక్కు. మైనం పూసిన దారమైతే సులువుగా జారుతుంది. చిగురు మీదికి టక్కున దించకుండా, పంటిని చుట్టి పట్టుకుని పైకీ కిందికీ కదపండి. అదే సందులో రెండో పంటికీ అలాగే. మొదటి రోజుల్లో కాస్త రక్తం వస్తే చిగురు వాచి ఉందని అర్థం. మానకండి. రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

అభ్యాసం: ఇది కాస్త కష్టమే. 32 పళ్లూ ఉంటే 30 సందులు. కాగితం మీద వాటికి అంకెలు వేసుకోండి. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు, ఒక్కో సందుకు దారంలో కొత్త భాగం వాడి, వెంటనే వాసన చూసి సున్నా నుంచి మూడు దాకా మార్కు రాయండి. అవును, 30కీ. చాలా సందులు వారం లోపే సున్నాకు వస్తాయి. ఒకటో రెండో మొండికేస్తాయి. అక్కడ పుచ్చిన పన్నో, అంచు లేచిన ఫిల్లింగో, చిగురు కింద లోతైన గుంటో ఉండొచ్చు. అది దారంతో తీరేది కాదు, ఆ కాగితం పట్టుకుని దంతవైద్యుడి దగ్గరికి వెళ్లండి.

సందులన్నీ సున్నా, నాలుకా బాగుంది, అయినా ఎదుటి మనిషి వాసన ఉందంటే, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదిలి మళ్లీ అడగండి. అప్పుడే ఎక్కువగా ఉందంటే ముక్కు, సైనస్‌ల వైపు చూడాలి. అదీ, టాన్సిల్ రాళ్లూ నాలుగో పాఠంలో. అందాకా డాక్టర్ రాసిచ్చింది తప్ప ఏ మౌత్‌వాషూ ముట్టుకోకండి, కాగితం మీది మార్కులు చెడతాయి.