స్లైస్ మసకగా వస్తోందా? ఆల్గారిథమ్ మార్చేముందు భ్రమణ కేంద్రం చూడండి

మైక్రో సీటీ, కోన్ బీమ్ సీటీ, ఆప్టికల్ ప్రొజెక్షన్ టోమోగ్రఫీ (ఎక్స్-రేలకు బదులు కాంతితో చేసేది) పరికరాల నుంచి వచ్చిన ముడి ప్రొజెక్షన్లను, అంటే ఒక్కో కోణం నుంచి తీసిన చిత్రాలను తీసుకుని, వాటి నుంచి వస్తువు లోపలి అడ్డుకోతలను (స్లైస్‌లను) స్వయంగా పునర్నిర్మాణం చేసుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. ఫిల్టర్డ్ బ్యాక్‌ప్రొజెక్షన్ (ప్రొజెక్షన్లను ఫిల్టర్ చేసి, కిరణాలు వచ్చిన దారినే వెనక్కి పరిచి స్లైస్ కట్టే పద్ధతి) అంటే ఏమిటో, సైనోగ్రామ్‌లో (డిటెక్టర్‌లోని ఒకే వరుస అన్ని కోణాల్లో చదివిన విలువలను పేర్చిన చిత్రంలో) అడ్డు వరుస ఒక కోణాన్ని, నిలువు వరుస ఒక డిటెక్టర్ పిక్సెల్‌ను సూచిస్తుందన్న సంగతీ మీకు తెలుసనే అనుకుంటున్నాను. చిత్రం బాగా రాలేదని నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అప్పటికే ఫిల్టర్ మార్చి, ఇటరేటివ్ (స్లైస్‌ను పదేపదే సరిదిద్దుకుంటూ కట్టే) పద్ధతులు ప్రయత్నించి, న్యూరల్ నెట్‌వర్క్‌తో నాయిస్ తగ్గించడం దాకా వెళ్లి ఉంటారు. కానీ సైనోగ్రామ్‌ను ఒక్కసారైనా తెర మీద తెరిచి చూసి ఉండరు.

అందుచేత మొదట చేయవలసిన పని ఒక్కటే. 0 డిగ్రీల ప్రొజెక్షన్, 180 డిగ్రీల ప్రొజెక్షన్, 360 వరకు స్కాన్ చేసి ఉంటే ఆ చివరి ప్రొజెక్షన్, వీటితో పాటు ఒక మధ్య వరుస సైనోగ్రామ్ తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. 0, 360 డిగ్రీల చిత్రాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే స్కాన్ జరుగుతుండగా నమూనా కదిలిందనో, పరికరం వేడెక్కి జరిగిందనో అర్థం. అలాంటి డేటా మీద కింద చెప్పిన సవరణలు చేస్తూ కూర్చోవడం కన్నా, నమూనాను గట్టిగా బిగించి, పరికరం ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక మళ్లీ స్కాన్ చేయడమే దగ్గరి దారి.

ఒకే కేంద్రం చుట్టూ వలయాలు

డిటెక్టర్‌లో ఏదో ఒక పిక్సెల్ మిగతావాటి కన్నా ఎక్కువగానో తక్కువగానో చదువుతోంది. సైనోగ్రామ్‌లో అది పై నుంచి కింది దాకా నిట్టనిలువు గీతగా, స్లైస్‌లో వలయంగా కనిపిస్తుంది. ప్రొజెక్షన్ నుంచి డార్క్ ఫీల్డ్ (కిరణాలు ఆపి తీసిన చిత్రం) తీసివేసి, దాన్ని ఫ్లాట్ ఫీల్డ్ (నమూనా లేకుండా తీసిన చిత్రం), డార్క్ ఫీల్డ్‌ల తేడాతో భాగించి, ఆ తరువాతనే ఋణ లాగరిథమ్ తీసుకోవాలి. ఫ్లాట్ ఫీల్డ్ పాతదైతే, అంటే ట్యూబ్ వోల్టేజీ గానీ ఎక్స్‌పోజర్ గానీ మార్చకముందు తీసినదైతే, ఎంత సవరించినా వలయాలు మిగులుతాయి. కొత్తగా పలు ఫ్లాట్ ఫీల్డ్‌లు తీసి సగటు వాడండి. గీతలను చెరిపే ఫిల్టర్లు ఆ తరువాతి మాట.

మధ్యభాగం నల్లబడి, అంచులు తెల్లగా రావడం

ఒకే పదార్థంతో చేసిన వస్తువు మధ్యలో తక్కువ విలువలు చూపిస్తే అందరూ బీమ్ హార్డెనింగ్ అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. ఎక్స్-రే పుంజంలోని తక్కువ శక్తి ఫోటాన్లు ముందే శోషణ చెందుతాయి కాబట్టి, ఎక్కువ మందం దాటి వచ్చిన కిరణం అసలు కన్నా తక్కువ క్షీణత చూపిస్తుంది. ట్యూబ్ ముందు అల్యూమినియం లేదా రాగి రేకు పెట్టడం, తెలిసిన మందాలతో కొలిచిన బహుపది సవరణ వాడటం దీనికి మార్గాలు. అయితే దానికన్నా ముందు, ఒక గణిత వృత్తం తాలూకు ప్రొజెక్షన్లను కంప్యూటర్‌లోనే తయారు చేసి అదే ప్రోగ్రాముకు ఇచ్చి చూడండి. అందులో బీమ్ హార్డెనింగ్ ఉండే అవకాశమే లేదు. అక్కడ కూడా మధ్యభాగం కుంగితే తప్పు మీ ర్యాంప్ ఫిల్టర్‌లో (పౌనఃపున్యం పెరిగే కొద్దీ బలం పెంచే ఫిల్టర్‌లో) ఉంది: ఫూరియే రూపాంతరానికి ముందు వరుసను సున్నాలతో కనీసం రెండింతల పొడవుకు పెంచకపోవడమో, ఫిల్టర్‌ను పౌనఃపున్యాల వైపు నేరుగా గీసేసి సున్నా పౌనఃపున్యం వద్ద విలువ పోగొట్టడమో జరిగి ఉంటుంది. ఫిల్టర్‌ను స్థల రూపంలో రాసి, దానికి ఫూరియే రూపాంతరం తీసుకుంటే ఈ బాధ పోతుంది.

అంతటా సన్నని చారలు, అంచున తెల్లటి పట్టీ

చారలు వస్తే ప్రొజెక్షన్ల సంఖ్య చూడండి. సమాంతర కిరణాలతో 180 డిగ్రీల స్కాన్‌కు, డిటెక్టర్ వెడల్పులోని పిక్సెళ్ల సంఖ్యకు సుమారు 1.57 రెట్లు కావాలి. అంటే 1024 పిక్సెళ్లకు దాదాపు 1600. చిత్రం అంచున తెల్లటి పట్టీ ఉంటే వస్తువు డిటెక్టర్ దాటి బయటికి పోయింది. వరుస రెండు కొసలను సున్నాలతో కాకుండా అంచు విలువలతోనే పొడిగించండి.

మసక, జంట అంచులు, నెలవంకలు: భ్రమణ కేంద్రం తప్పు

అన్నిటికన్నా ఎక్కువ మందిని, ఎక్కువ కాలం తిప్పలు పెట్టేది ఇదే. వస్తువు ఏ అక్షం చుట్టూ తిరిగిందో ఆ అక్షం డిటెక్టర్ మీద ఏ నిలువు వరుసలో పడుతుందో పునర్నిర్మాణ ప్రోగ్రాముకు కచ్చితంగా తెలియాలి. తప్పు పది పిక్సెళ్లుంటే అంచులన్నీ రెండేసిగా కనిపిస్తాయి, ఎవరైనా పట్టుకుంటారు. అసలు ప్రమాదం తప్పు అర పిక్సెల్, ఒక పిక్సెల్ ఉన్నప్పుడే. చిత్రం కొంచెం మెత్తబడినట్టు ఉంటుంది తప్ప మరే లక్షణమూ కనిపించదు. దానికి ఫోకస్‌నో, ఎక్స్-రే మూలం పరిమాణాన్నో, నాయిస్‌నో కారణంగా భావించి, ఉన్న స్పష్టత ఇంతేనని సరిపెట్టుకుంటారు.

అది ఎందుకు దాక్కుంటుందో అర్థమైతే ఎలా బయటికి లాగాలో తెలుస్తుంది. కేంద్రం ఇంత దూరం తప్పిందనుకుంటే, చిత్రంలోని ప్రతి బిందువుకు సంబంధించిన కిరణాలు ఆ బిందువు గుండా పోకుండా, అంతే వ్యాసార్ధమున్న ఒక వృత్తాన్ని తాకుతూ పోతాయి. 360 డిగ్రీల స్కాన్‌లో ఆ వృత్తం పూర్తవుతుంది కాబట్టి బిందువు చిన్న గుండ్రటి మచ్చగా మారి, మామూలు మసక లాగే కనిపిస్తుంది. 180 డిగ్రీల స్కాన్‌లో సగం వృత్తమే ఏర్పడుతుంది కాబట్టి ప్రతి చిన్న ప్రకాశవంతమైన బిందువూ ఒకే వైపుకు వంగిన నెలవంకగా వస్తుంది. కనుక మీ దగ్గర సమాంతర కిరణాల 360 డిగ్రీల డేటా ఉంటే, మొదటి 180 డిగ్రీలతో ఒక స్లైస్, మిగతా 180తో మరో స్లైస్ కట్టి రెండింటినీ మార్చి మార్చి చూడండి. ఒకదానిలో నెలవంకలు ఒక వైపుకు, రెండోదానిలో సరిగ్గా ఎదురు వైపుకు వంగి ఉంటే కేంద్రం తప్పింది, సందేహం లేదు. కేంద్రం విలువను పెంచితే నెలవంకలు ఇంకా తెరుచుకుంటున్నాయా, మూసుకుంటున్నాయా అన్నదాన్ని బట్టి ఏ వైపుకు జరపాలో కూడా తెలిసిపోతుంది.

ఇక్కడ తరచుగా వినే వాదన ఒకటుంది: 'వలయాలు చక్కని గుండ్రంగా వస్తున్నాయి కాబట్టి కేంద్రం సరిగ్గానే ఉంది' అని. ఇది పొరపాటు. 360 డిగ్రీల డేటాలో వలయాలు ప్రోగ్రాము అనుకున్న కేంద్రం చుట్టూనే ఏర్పడతాయి. అది సరైనదైనా కాకపోయినా అవి గుండ్రంగానే ఉంటాయి. అసలు అక్షం గురించి అవి ఏ సాక్ష్యమూ ఇవ్వవు.

విలువ కనుక్కోవడానికి, సమాంతర కిరణాలైతే, 180 డిగ్రీల ప్రొజెక్షన్‌ను ఎడమ కుడులు తారుమారు చేసి 0 డిగ్రీల ప్రొజెక్షన్‌తో క్రాస్ కోరిలేషన్ (ఎంత జరిపితే రెండు చిత్రాలు బాగా కలుస్తాయో చెప్పే లెక్క) తీయండి. వచ్చిన జరుగుదలలో సగమే కేంద్రం తప్పిన దూరం. ఆ సగం చేయడం మరిచిపోయి పూర్తి విలువ వాడినవారు చాలామంది ఉన్నారు. పిక్సెళ్లను సున్నా నుంచి లెక్కపెడితే, 2048 పిక్సెళ్ల డిటెక్టర్ నడిబిందువు 1023.5 అవుతుంది, 1024 కాదు. తారుమారు చేసిన చిత్రంతో పోలిస్తే 0 డిగ్రీల చిత్రం 9 పిక్సెళ్లు కుడికి ఉంటే భ్రమణ కేంద్రం 1023.5కు 4.5 కలిపి 1028 అవుతుంది. కిరణాలు విసనకర్రలా, శంకువులా విచ్చుకునే ఫ్యాన్ బీమ్, కోన్ బీమ్‌లలో ఎదురెదురు ప్రొజెక్షన్లు అచ్చమైన అద్దపు ప్రతిబింబాలు కావు కాబట్టి ఈ లెక్క దరిదాపుల దాకా తీసుకెళ్తుంది, అంతే. అక్కడ నుంచి వేర్వేరు కేంద్రాలతో అదే స్లైస్‌ను కట్టి పోల్చాలి. మొదట ఒక్కో పిక్సెల్ చొప్పున, తరువాత పావు పిక్సెల్ చొప్పున జరుపుతూ, చిన్న ప్రకాశవంతమైన బిందువు ఏ విలువ దగ్గర బాగా కుదించుకుంటుందో చూడండి. టోమోపై వంటి ప్యాకేజీలలో ఈ వరుస చిత్రాలను తయారు చేసే ఫంక్షన్ సిద్ధంగానే ఉంది. ఎంట్రోపీ (చిత్రంలోని విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే అంకె) వంటి కొలతను నమ్ముకోవచ్చు గానీ, వలయాలూ నాయిస్ ఎక్కువగా ఉన్నప్పుడు అది దారి తప్పుతుంది. కంటితో ఒకసారి సరిచూడకుండా అంకెను ఖాయం చేయకండి.

కేంద్రం ఒకసారి సరిగ్గా కనుక్కున్నాక కూడా తప్పు మళ్లీ దొంగతనంగా చొరబడే దారులు మూడున్నాయి. మొదటిది బిన్నింగ్. రెండేసి పిక్సెళ్లను కలిపినప్పుడు కేంద్రాన్ని ఊరికే సగం చేస్తే పావు పిక్సెల్ తప్పు వస్తుంది. ముందు అర తీసివేసి ఆ తరువాత సగం చేయాలి. రెండోది, ఎడమ వైపు కత్తిరించిన పిక్సెళ్ల సంఖ్యను కేంద్రం నుంచి తీసివేయకపోవడం. మూడోది ప్రోగ్రాము మార్చడం. సైకిట్-ఇమేజ్ వారి ఐరేడాన్ ఫంక్షన్ 1024 పిక్సెళ్ల వరుసకు అక్షం 512వ స్థానంలో ఉందనుకుంటుంది. ఆస్ట్రా టూల్‌బాక్స్ డిటెక్టర్‌ను కేంద్రానికి ఇరువైపులా సమంగా పరుస్తుంది కాబట్టి దాని లెక్కలో అక్షం 511.5 దగ్గర ఉంటుంది. అదే సైనోగ్రామ్‌ను ఒక దాని నుంచి మరో దానికి యథాతథంగా ఇస్తే అర పిక్సెల్ తప్పు వచ్చి కూర్చుంటుంది. అప్పుడు రెండు ప్రోగ్రాముల నాణ్యత గురించి వాదనలు మొదలవుతాయి, డేటా మాత్రం ఎవరూ చూడరు.

సవరణ చేసేటప్పుడు సైనోగ్రామ్‌ను పూర్ణ పిక్సెళ్లలో జరపవద్దు. ఒక కొస నుంచి పోయినవి రెండో కొసలో వచ్చి చేరే రోల్ వంటి ఫంక్షన్లు అసలే వద్దు. అక్షం స్థానాన్ని దశాంశాలతో సహా జ్యామితి పరామితిగా ఇవ్వండి. ఇటరేటివ్ పద్ధతి ఈ తప్పును దానంతట అది సరిదిద్దుతుందని ఆశించకండి. కేంద్రం తప్పినప్పుడు ఏ చిత్రమూ అన్ని ప్రొజెక్షన్లకూ ఒకేసారి సరిపోదు కాబట్టి మిగులు దోషం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. టోటల్ వేరియేషన్ నియంత్రణ (చిత్రంలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులను అణిచే షరతు) కూడా జోడిస్తే ఆ తప్పు అంచులే శుభ్రంగా, పదునుగా వచ్చి నిజమైనవిగా కనిపిస్తాయి. వైద్య చిత్రాల్లో లేని పొర ఉన్నట్టు కనబడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

మధ్య స్లైస్ బాగుండి, పైనా కిందా మసకబారుతుంటే అక్షం డిటెక్టర్‌తో పోలిస్తే వాలి ఉందన్నమాట. పై వరుసలో ఒకసారి, కింది వరుసలో ఒకసారి కేంద్రం కొలవండి. 1000 వరుసల దూరంలో 4 పిక్సెళ్ల తేడా వస్తే వాలు సుమారు 0.23 డిగ్రీలు. ప్రొజెక్షన్లన్నిటినీ ముందు అంత తిప్పి, ఆ తరువాతనే సైనోగ్రామ్‌లు తీయండి.

మిగతావి

కోణాలు డిగ్రీలలో ఇవ్వవలసిన చోట రేడియన్లలో ఇస్తే చిత్రమే ఏర్పడదు, వెంటనే తెలుస్తుంది. తిరిగే దిశ తారుమారైతే సమాంతర కిరణాలలో చిత్రం అద్దంలో చూసినట్టు వస్తుంది, ఫ్యాన్ బీమ్‌లో చెదిరిపోతుంది. కోణాలకు మైనస్ గుర్తు పెడితే చాలు. 0, 180 డిగ్రీలు రెండూ లెక్కలో చేరితే ఒక ప్రొజెక్షన్ రెండుసార్లు పడుతుంది గానీ, దానివల్ల అంత పెద్ద నష్టమేమీ ఉండదు. ఆప్టికల్ ప్రొజెక్షన్ టోమోగ్రఫీలో కేంద్రం సరిచేశాక కూడా వస్తువు అంచులు వంగినట్టుంటే, నమూనాకూ దాని చుట్టూ ఉన్న ద్రవానికీ వక్రీభవన గుణకం కలవలేదు. అది పునర్నిర్మాణంతో తీరేది కాదు, నమూనాను మళ్లీ పారదర్శకం చేసి సరైన ద్రవంలో ఉంచి స్కాన్ చేయాలి.