సినిమాను చదవడం – 4వ పాఠం: ప్రేమ మాటగా మారకముందు

గత పాఠంలో ఒక పాత్ర అబద్ధమాడుతున్న సంగతిని సంభాషణ మీద ఆధారపడకుండా ఎలా గుర్తించాలో సాధన చేశాం. ఈసారి అంతకంటే కష్టమైన పనికి పూనుకుందాం. రెండు పాత్రల మధ్య ప్రేమ మొలకెత్తుతున్న దశను, వాళ్లు దానికి ఆ పేరు పెట్టుకోకముందే పసిగట్టడం ఈ పాఠం లక్ష్యం. అబద్ధమాడేవాడికి తాను అబద్ధమాడుతున్నానని తెలిసే ఉంటుంది. ప్రేమలో పడుతున్న మనిషికి ఆ సంగతి చాలాసార్లు తెలియదు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాదు. పాత్రకే తెలియని భావాన్ని నటులు పలికించాలి, దర్శకుడు దానికి చోటు కల్పించాలి, మనం దాన్ని జారవిడవకుండా చూడాలి. అందుకే ఈ పాఠాన్ని ఒక్కసారి చదివి వదిలేయకుండా, చివర ఇచ్చిన అభ్యాసాన్ని తప్పక చేయమని కోరుతున్నాను.

ముందుగా ఒక పొరపాటును తొలగించుకుందాం. ప్రేమకు గుర్తులేమిటని అడిగితే చాలామంది ఓరచూపు, చిరునవ్వు, తడబాటు, సిగ్గు అంటూ ఒక జాబితా చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అలాంటి జాబితానే మనసులో పెట్టుకుని సినిమాలు చూశాను. దాంతో అందరినీ నవ్వుతూ పలకరించే పాత్ర నవ్వినప్పుడల్లా లేని ప్రేమను ఊహించుకున్నాను. ఎన్నడూ నవ్వని పాత్ర ఒక్క మనిషి ముందు మాత్రం కనుబొమల ముడి సడలించినప్పుడు దాన్ని గమనించనే లేదు. విడిగా తీసుకుంటే ఏ చేష్టకూ నిలకడైన అర్థం ఉండదు. ఆ పాత్ర మామూలుగా ఎలా ఉంటుందో మనకు తెలిసి ఉంటేనే ఆ మామూలు ఎక్కడ తప్పిందో కనబడుతుంది. అలా తప్పిన చోటునే మనం గుర్తు అని పిలుద్దాం.

మామూలును నమోదు చేసుకోవడం

ఒక కథను ఊహించుకుందాం. ఒక పెద్ద గ్రంథాలయంలో పాత పుస్తకాలకు మరమ్మతు చేసే స్త్రీ ఒకామె ఉంది. ఆ భవనంలో విద్యుత్తు తీగలు మార్చడానికి ఒకతను వచ్చాడు. మొదటి దృశ్యంలో ఆమె గదిలోకి ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు మనుషులు వస్తారు. ఆమె తల ఎత్తకుండానే ముగ్గురికీ "అక్కడ పెట్టండి" అని ఒకే మాట చెబుతుంది. అతనేమో గదులన్నీ తిరుగుతూ, ఎవరినీ అడగకుండా కరెంటు ఆపేస్తూ, ఎవరైనా విసుక్కుంటే "రెండు నిమిషాలే" అంటూ తన పని తాను చేసుకుపోతాడు. ఇక్కడ ప్రేమ లేదు, దాని నీడ కూడా లేదు. అయినా ఆ ప్రేమకథకు సంబంధించినంతవరకు అన్నిటికంటే ముఖ్యమైన దృశ్యం ఇదే, ఎందుకంటే ఇద్దరి మామూలు పద్ధతినీ రచయిత ఇక్కడే మన చేతిలో పెట్టాడు.

తర్వాత అతను ఆమె గదికి వస్తాడు. ఆమె తల ఎత్తదు, "అక్కడ పెట్టండి" అనే అంటుంది. పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదని అతను చెబుతాడు. ఆమె వేలు పుట మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదులుతుంది. రెండు రోజుల తర్వాత అతను అదే గుమ్మంలో నిలబడి, స్విచ్చు మీద చెయ్యి ఉంచి, "ఆ పుట పూర్తయిందా?" అని అడుగుతాడు. ఆమె "అయింది" అంటుంది. దీపం ఆరేముందు బల్ల మీది పుట మనకు కనిపిస్తుంది. దానికి జిగురు సగం వరకే రాసి ఉంది.

ఎవరినీ అడగనివాడు ఇక్కడ అడిగాడు. పని తప్ప మరొకటి పట్టని మనిషి చేతిలో పని వదులుకుంది, వదులుకున్నట్టు అతనికి తెలియనివ్వలేదు కూడా. మొదటి దృశ్యాన్ని తీసేసి ఈ దృశ్యాన్ని మాత్రమే ఎవరికైనా చూపిస్తే, వాళ్లకు మర్యాదస్థుడైన ఒక పనివాడూ ఓపిక గల ఒక ఉద్యోగినీ తప్ప మరేమీ కనిపించరు. కాబట్టి ఏ ప్రేమకథ చూస్తున్నా, మొదటి పది పదిహేను నిమిషాల్లో ప్రధాన పాత్రలు గదిలోకి ఎలా అడుగు పెడతారో, తమకు అవసరం లేని మనుషులతో ఎలా మాట్లాడతారో, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు చేతులతో ఏం చేస్తారో రాసి పెట్టుకోండి. ఆ కాగితం లేకుండా ముందుకు వెళితే మిగిలిన పాఠం ఉపయోగపడదు.

దాచబోయి బయటపడేవి

భరతుని నాట్యశాస్త్రం శృంగార రసానికి రతి, అంటే ప్రేమ, స్థాయిభావమని (అడుగున నిలకడగా ఉండే భావమని) చెప్పి, మనసులో అలల్లా వచ్చి పోయే సంచారి భావాలను 33గా లెక్కించింది. స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు వంటి 8 సాత్త్విక భావాలను వేరుగా పేర్కొంది. చెమట పట్టడం, గొంతు మారడం, వణకడం వంటివి మనిషి అదుపులో ఉండవు గనుక వాటిని చూసినవెంటనే నమ్ముతాం. మనకు ఎక్కువగా పనికివచ్చేది మాత్రం ఆ 33లో ఉన్న అవహిత్థ. లోపలి భావం బయటికి తెలియకుండా కప్పిపుచ్చుకోవడాన్ని అవహిత్థ అంటారు. వేరే సంగతి ఎత్తుకోవడం, నడుస్తున్న మాటను మధ్యలో తెంచేయడం, లేని నిబ్బరాన్ని తెచ్చిపెట్టుకోవడం ద్వారా దాన్ని అభినయించాలని ఆ గ్రంథం సూచిస్తుంది. దాచడాన్ని కూడా ఒక భావంగా గుర్తించి, దానికి పేరు పెట్టి, అది ఎలా కనిపిస్తుందో చెప్పిన ఆ సూక్ష్మదృష్టిని తలచుకున్నప్పుడల్లా నాకు అబ్బురంగా ఉంటుంది.

మన కథలో దీన్ని ప్రయోగించి చూద్దాం. తోటి ఉద్యోగిని ఒకామె మాటల మధ్యలో "ఈ తీగల పని ఎప్పటికి అవుతుందో" అంటుంది. మన నాయిక వెంటనే "గురువారానికి" అని, ఒక్క క్షణం ఆగి, "అనుకుంటాను, నాకు సరిగ్గా తెలియదు" అని చేర్చి, జిగురు సీసా మూత వెతకడం మొదలుపెడుతుంది. గురువారమని ఆమెకు తెలిసి ఉండడం ఒక గుర్తే, కానీ అది బలహీనమైనది. ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఆ తెలివిడిని వెనక్కి తీసుకోవాలని చూడడం బలమైన గుర్తు. దాచవలసినంత విలువైనది లోపల ఏదో ఉందని ఆమె మనసు ఆమెకంటే ముందే గ్రహించింది. తెర మీద ఒక పాత్ర అవసరానికి మించిన వివరణ ఇచ్చినా, అడగని ప్రశ్నకు జవాబు చెప్పినా, ఒక పేరు రాగానే మాట మార్చినా, అక్కడ ఆగి మీ కాగితం చూసుకోండి.

స్మృతి కూడా ఆ 33 సంచారి భావాల్లో ఒకటి. తొలిదశ ప్రేమను చూపడానికి రచయితలకు దీన్ని మించిన సాధనం లేదని నా అభిప్రాయం. ఎక్కువ వెలుతురు పడితే పాత కాగితం పాడవుతుందని ఆమె ఎవరితోనో అంటున్నప్పుడు అతను మూలన నిచ్చెన మీద ఉన్నాడనుకుందాం. వారం తర్వాత ఆమె బల్ల మీది దీపం పక్కకు జరిగి, వెలుగు గోడ మీద పడి మెత్తగా పరుచుకునేలా బిగించి ఉంటుంది. ఎవరు చేశారో ఎవరూ చెప్పరు. తనకు చెప్పిన మాటను గుర్తుంచుకోవడం మర్యాద అనిపించుకోవచ్చు. తనకు చెప్పని మాటను గుర్తుంచుకున్నవాడు అప్పటికే ఆమె వైపు చెవి ఒగ్గి ఉన్నాడు.

చూపుల విషయంలో లెక్కించవలసింది చూపు పొడవు కంటే అది పడిన సమయం. 1995లో రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన 'బిఫోర్ సన్‌రైజ్'లో నాయికానాయకులు రికార్డుల దుకాణంలోని ఇరుకు గదిలో నిలబడి ఒక పాట వింటారు. మధ్యలో కట్ లేకుండా సాగే ఆ షాట్‌లో మాట ఒక్కటీ లేదు. ఒకరు చూస్తారు, రెండోవారు తిరిగేసరికి చూపు తప్పించుకుంటారు, మళ్లీ వీళ్ల వంతు. అక్కడ దర్శకుడు ఇద్దరినీ ఒకే ఫ్రేమ్‌లో ఉంచకుండా వేర్వేరు క్లోజప్‌లుగా ముక్కలు చేసి ఉంటే, ఆ తప్పించుకోవడంలోని లయ మనకు అందేది కాదు. చూపు కలవడంలో ప్రేమ ఉందని అందరికీ తెలుసు. తొలిదశలో అది చూపు తప్పించుకోవడంలోనూ, తప్పించుకున్నాక మళ్లీ వెతుక్కోవడంలోనూ ఎక్కువగా ఉంటుంది.

దూరం గురించి క్లుప్తంగా చెబుతాను. మనుషులు తమ మధ్య పాటించే దూరాలను అధ్యయనం చేసిన ఎడ్వర్డ్ టి. హాల్ 1966లో ప్రచురించిన గ్రంథంలో సుమారు 45 సెంటీమీటర్ల లోపలి దూరాన్ని అత్యంత సన్నిహితులదిగానూ, అక్కడి నుంచి 1.2 మీటర్ల వరకు ఉన్నదాన్ని స్నేహితులు, కుటుంబసభ్యులదిగానూ వర్గీకరించాడు. ఈ కొలతలు అన్ని సమాజాలకూ ఒకేలా వర్తించవని ఆయనే హెచ్చరించాడు. తెర మీద కూడా అంతే. గుంపులో ఒకరినొకరు ఆనుకుని నిలబడినంత మాత్రాన అర్థమేమీ లేదు. గది ఖాళీ అయ్యాక కూడా దూరం జరగకపోవడానికి అర్థం ఉంది.

కెమెరా పాత్రలకంటే ముందు తెలుసుకుంటుంది

సుమారు నూరేళ్ల కిందట రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ముఖాన్ని చూపే ఒకే షాట్‌ను వేర్వేరు దృశ్యాల పక్కన అతికించి చూపించాడు. పక్కనున్న దృశ్యాన్ని బట్టి ప్రేక్షకులు అదే ముఖంలో ఆకలినీ దుఃఖాన్నీ చూశారని చెబుతారు. అంటే ముఖంలో ఏముందనే ప్రశ్నకు సగం జవాబు షాట్ల కూర్పులో ఉంటుంది. కాబట్టి నటుల మీద చూపు నిలిపినంత శ్రద్ధగా, ఏ షాట్ తర్వాత ఏ షాట్ వచ్చిందో కూడా చూడాలి.

సంభాషణ సాగుతున్నప్పుడు కెమెరా సాధారణంగా మాట్లాడేవారి మీద ఉంటుంది. ఒకరు మాట్లాడుతుండగానే వినేవారి ముఖానికి కట్ చేసి, మాట ముగిసేదాకా అక్కడే ఉంచారంటే, చెప్పిన సంగతి కంటే విన్న మనిషిలో కలిగినదే ముఖ్యమని దర్శకుడు చెబుతున్నాడు. మొదట ఇద్దరినీ వేర్వేరు ఫ్రేముల్లో, ఎదురెదురు షాట్లుగా చూపించి, ఒకానొక దృశ్యం నుంచి టూ షాట్‌లో కలిపి చూపిస్తే, ఆ మార్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి చూడండి. చాలాసార్లు అది ఏ ప్రాధాన్యమూ లేదనిపించిన చిన్న దృశ్యంలో జరిగి ఉంటుంది. ఒకరు గది విడిచి వెళ్లాక కూడా షాట్ కట్ కాకుండా, మిగిలిన మనిషి మీద రెండు మూడు సెకన్లు నిలిస్తే ఆ నిలుపుదల అనవసరంగా ఉంచినది కాదు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చోట రెండు సెకన్లంటే 48 ఫ్రేములు. వాటిని ఉంచాలా తీయాలా అని ఎడిటర్ ఆలోచించే ఉంటాడు.

మన కథలోని సగం జిగురు రాసిన పుటను తలచుకోండి. దాన్ని అతను చూడలేదు, మనం చూశాం. ఒక పాత్ర రహస్యాన్ని రెండో పాత్రకంటే ముందు ప్రేక్షకుడికి అప్పగించడం వల్ల, ఇక మీద ఆ ఇద్దరూ కలిసిన ప్రతి దృశ్యంలోనూ అతనికి ఎప్పుడు తెలుస్తుందా అని మనం ఎదురుచూస్తాం.

నేపథ్య సంగీతం గురించి ఒక్క మాట. రీరికార్డింగ్‌లో వేణువో వయొలినో చేర్చగానే ఏ చూపైనా ప్రేమచూపుగా తోస్తుంది. అది గుర్తు కాదు, మనకు ముందుగా ఇచ్చేసిన తీర్పు. తొలిసాధనలో ధ్వని ఆపి చూడమని చెప్పేది అందుకే.

తప్పుడు గుర్తులు

పదేపదే ఎదురుపడడం, వెంటపడడం, వద్దన్నా వినకపోవడం అనేక సినిమాల్లో ప్రేమకు తొలిమెట్టుగా కనిపిస్తాయి. వీటిని నేను గుర్తులుగా అంగీకరించను. మనం వెతుకుతున్నది ఇద్దరిలోనూ జరిగే మార్పును. వెంటపడేవాడు తన మామూలును మార్చుకోవడం లేదు. అవతలి మనిషి మామూలును చెరుపుతున్నాడు. ఆమె ముఖంలో కనిపించే తడబాటు అక్కడ భయం కావచ్చు, దాన్ని సిగ్గుగా చదవడం చాలా పెద్ద తప్పు. తేడా తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. అతను వెళ్లిపోయాక ఆమె ఏం చేస్తుందో చూడండి. భుజాలు సడలి, ఊపిరి వదిలి, తలుపు గడియ వేసుకుంటే అది భయం. చేస్తున్న పని ఎక్కడ ఆపిందో మరచిపోతే అది వేరు.

చూసేవాళ్ల కోసం చేసే ప్రేమ మరో చిక్కు. 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన 'మిస్సమ్మ'లో నాయికానాయకులు ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తారు. ఇలాంటి కథల్లో ప్రేమకు బయట కనిపించే లాంఛనాలన్నీ నటనకే ఖర్చయిపోతాయి గనుక, నమ్మదగిన గుర్తుల కోసం మూడో మనిషి లేని దృశ్యాలకు వెళ్లాలి. ఎవరూ చూడనప్పుడు, ఏ లాభమూ లేనప్పుడు, రెండో మనిషికి తెలిసే అవకాశం కూడా లేనప్పుడు ఒక పాత్ర చేసిన చిన్న పనికి మీ కాగితంలో ఎక్కువ విలువ ఇవ్వండి.

ఇద్దరూ ఒకే రోజున, ఒకే వేగంతో ప్రేమలో పడరన్నది కూడా మరవకండి. మన కథలో ఆమె పుటను సగంలో వదిలేసింది అతను అడిగిన తర్వాతే. అతను అడగడానికి కారణం అంతకుముందు ఎక్కడో ఉండాలి. ఎవరిలో మార్పు ముందు వచ్చిందో, రెండోవారు దానికి ఎన్ని దృశ్యాల తర్వాత స్పందించారో లెక్క వేస్తే, ఆ కథ ఎవరిదో కూడా తేలుతుంది.

అభ్యాసం

మీరు ఇదివరకు చూసిన, ముగింపు తెలిసిన ఒక ప్రేమకథా చిత్రాన్ని ఎంచుకోండి. కొత్త సినిమా అయితే కథ తెలుసుకోవాలన్న ఆత్రుత చూపును పక్కకు లాగుతుంది. ఆ ఇద్దరూ కలవకముందు వచ్చే దృశ్యాలు చూసి ఇద్దరి మామూలునూ రాసుకోండి. తర్వాత వాళ్లు మొదటిసారి, రెండోసారి, మూడోసారి కలిసే దృశ్యాలను ధ్వని లేకుండా చూడండి. ఒక పేజీని మూడు గడులుగా గీసి, మొదటి గడిలో మామూలు, రెండో గడిలో మార్పు, మూడో గడిలో ఆ మార్పును ఎవరు చూశారన్నది రాయండి: రెండో పాత్రా, మూడో మనిషా, మనం మాత్రమేనా. ఆపైన అవే దృశ్యాలను తెర వైపు చూడకుండా విని, గొంతులో మార్పు, మాట తెగిన చోట్లు, అవసరానికి మించిన వివరణలు చేర్చండి. చివరగా ధ్వనితో, బొమ్మతో కలిపి చూసి, సంగీతం వల్ల మీ తీర్పు ఎక్కడైనా మారిందేమో వేరే రంగు సిరాతో గుర్తించండి. ఒక్కో దృశ్యానికి రెండు కంటే ఎక్కువ గుర్తులు దొరికితే, వాటిలో మామూలుతో పోల్చి నిరూపించలేని దాన్ని కొట్టివేయండి.

ఆ పేజీని భద్రపరచుకోండి. వచ్చే పాఠంలో అదే సినిమాలో ఆ ఇద్దరి తొలి తగవు దృశ్యాన్ని తీసుకుని, రెండో గడిలో మీరు రాసిన మార్పుల్లో ఏవి కోపంలోనూ నిలిచాయో పరిశీలిద్దాం.